పగడపు చుట్టములు

తెలుగునాట మంగళసూత్రములో నల్లపూసల నడుమ పగడములు గ్రుచ్చుట పెక్కు కుటుంబములలో ఆచారము. నవరత్నములలో పగడమొకటి. అయినను ఈ రత్నము తెలుగుదేశపు గనులలో దొరకినది కాదు. అది పడమటి సముద్రములనుండి ఓడలపై వచ్చిన సరకు. కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతమున మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనమున, సుంకము చెల్లింపవలసిన వస్తువుల పట్టికలో కర్పూరము, ముత్యములు, పట్టునూలు మొదలగు వానితోపాటు పగడమును కలదు. అంతకు వెయ్యేండ్లకు పైగా ముందే రోమకుడగు ప్లినీ, తనవారు హిందూదేశపు ముత్యములను ఎంత విలువగా చూతురో హిందూదేశమువారు పగడములను అంత విలువగా చూతురని వ్రాసియుండెను.

ఇంత ప్రియమైన వస్తువు యథార్థముగా ఏమిటో కొన్నవారికి తెలియదు, అమ్మినవారికిని తెలియదు. రాయివలె గట్టిగా నుండును గనుక రత్నమనిరి. కొమ్మలు రెమ్మలతో పెరుగును గనుక చెట్టనిరి. సంస్కృతమున దానికి గల విద్రుమమను పేరులోనే చెట్టు దాగియున్నది. లతామణి యను మఱియొక పేరులో తీగ యున్నది. ఐరోపావారి నమ్మకమును ఇట్టిదే. నీటిలో మెత్తగానుండు సముద్రపు మొక్క గాలి సోకగానే రాయియై బిగిసిపోవునని వారు తరతరములుగా చెప్పుకొనిరి. పగడమును ప్రతిదినము వలలతో పైకి లాగుచున్న జాలరులు కొమ్మ నీటిలోపలను గట్టిగానే యుండుననుట ఎఱిగియుందురు. కాని జాలరిని అడిగి తెలిసికొనవలెనని ఆనాటి పండితులలో పలువురకు తోచలేదు.

1706వ సంవత్సరము చలికాలమున లూయీజీ ఫెర్డినాండో మార్సీలీ యను ఇటలీదేశీయుడు ఫ్రాన్సు దక్షిణతీరమున, మార్సే పట్టణమునకు సమీపమున, అప్పుడే తీసిన పగడపుకొమ్మలను సముద్రజలముతో నిండిన గాజుపాత్రలలో ఉంచెను. కొంత సేపటికి ఎఱ్ఱని కొమ్మలపై తెల్లని పువ్వులు విప్పారెను. ఒక్కొక్క పువ్వునకు ఎనిమిది రేకులు. కొమ్మను నీటినుండి తీసినంతనే అవి ముడుచుకొనెను. మరల నీట ముంచగా విచ్చుకొనెను. పగడము పువ్వులు పూయు మొక్కయే యని ఋజువైనదని మార్సీలీ సంతోషించి, పారిసులోని విజ్ఞానపరిషత్తునకు ఆ వార్త తెలియజేసెను. ఆయన చూచినది నిజమే. రేకుల లెక్కయు సరియైనదే. చెప్పిన అర్థము మాత్రమే తప్పు.

ఆ తప్పును కనుగొన్నవాడు మార్సే పట్టణపు వైద్యుడు జాన్ ఆంద్రె పేసొనెల్. అతడు 1725లో ఉత్తరాఫ్రికా తీరమున ఉండి, పగడమును మరల మరల పరిశీలించెను. ఆ పువ్వుల రేకులు తమంతట తాము కదలుట, ముట్టినచో చటుక్కున లోనికి జొచ్చుట, చచ్చిన తరువాత కుళ్ళిన చేపవలె వాసన కొట్టుట గమనించెను. పువ్వులకిట్టి గుణములుండవు. అవి రేకులు కావు, ఆహారమును పట్టుకొను చేతులు. అది పువ్వు కాదు, ప్రాణి. ఎఱ్ఱని కొమ్మ ఆ ప్రాణులు కట్టుకొన్న ఇల్లు అని అతడు నిశ్చయించెను.

ఆ మాటను ఆనాడు వినువారు లేకపోయిరి. ఫ్రాన్సులో ప్రకృతిశాస్త్రమున మిక్కిలి పేరుగాంచిన రేమూరు పేసొనెల్ అభిప్రాయమును 1727లో పరిషత్తునకు వినిపించెను. కాని చెప్పినవాని పేరు బయటపెట్టలేదు. ఇట్టి వింతమాట పలికినాడని లోకము నవ్వునేమో, పేరు దాచుటయే దయయని ఆయన భావించెను. అట్టి దయకంటె ఎదురుగా నిలిచి వాదించుటయే మేలు. పేసొనెల్ రాజవైద్యుడుగా ఫ్రాన్సు విడిచి, అట్లాంటిక్ సముద్రమునకు ఆవలనున్న గ్వాడెలూప్ దీవికి వెడలిపోయెను.

1740 తరువాత కథ మాఱెను. అబ్రహాం ట్రెంబ్లే హాలెండు దేశపు మంచినీటి మడుగులలో హైడ్రా యను చిన్న ప్రాణిని పరిశీలించి, మొక్కవలె కనబడు జంతువులు ఉండగలవని చూపెను. బెర్నార్ ద జుస్యూ సముద్రతీరమునకు పోయి, పేసొనెల్ చెప్పినది నిజమేయని తన కంట చూచి వచ్చెను. 1742లో రేమూరు తన గ్రంథమున పేసొనెల్ పేరును స్పష్టముగా పేర్కొని, సత్యము అతని పక్షముననే యుండెనని ఒప్పుకొనెను. విద్వాంసుడొకడు పదునైదేండ్ల తరువాత అచ్చులో ఆ మాట వ్రాయుట సామాన్యము కాదు. పేసొనెల్ తన దీర్ఘమైన వ్రాతప్రతిని పారిసునకు కాక లండనులోని రాయల్ సొసైటీకి పంపెను. దాని సారాంశము 1752లో అచ్చట చదువబడెను. అతడు 1759లో ఆ దూరద్వీపముననే మరణించెను.

మార్సీలీ లెక్కించిన ఎనిమిది రేకులే ఆ తరువాత ఒక మహావంశమునకు గుర్తు లయ్యెను. పగడపుప్రాణిని పాలిప్ అందురు. అది చిన్న గొట్టము వంటిది. క్రింది కొన కొమ్మకు అంటియుండును. పై కొనయందు నోరుండును. నోటిచుట్టు ఎనిమిది స్పర్శకములు, అనగా చేతులు, ఉండును. ఒక్కొక్క చేతికి ఇరువైపుల చిన్న చిన్న పోగులు ఈకకున్నట్లు ఉండును. గొట్టము లోపలి భాగమును ఎనిమిది నిలువుతెరలు గదులుగా విభజించును. చేతులయందు దంశకణములు కలవు. తగిలిన సూక్ష్మజీవిని అవి కుట్టి పట్టుకొనును. ఒక్క పాలిప్ మొలకలు వేయగా వేయగా వందలు, వేలు ఏర్పడి, అన్నియు ఒకే మాంసమున కలిసియుండును. ఆ మాంసములోని సన్నని కాలువలు ఒక పాలిప్ తిన్న ఆహారమును ప్రక్కదానికి చేర్చును. ఉమ్మడికుటుంబములో ఒకరి సంపాదన అందఱి కంచములకు వచ్చినట్లే ఇది జరుగును; కాని ఇచ్చట వేఱుపడుటయను మాట లేదు.

తెలుగులో ఒక చిక్కు కలదు. లక్షదీవులను పగడపుదీవులని పిలుచుట అలవాటు. ఆ దీవులను కట్టినది ఈ పగడము కాదు. వెచ్చని తీరజలములలో సున్నపుగట్టులు కట్టు రాతిపగడములకు చేతులు ఆఱు, లేక ఆఱు యొక్క గుణిజములు. వానికి ఈకలవంటి పోగులుండవు. చేతుల లెక్క ఎనిమిదియైన వంశము వేఱు. దానికి శాస్త్రజ్ఞులు ఆక్టోకొరాలియా అని పేరిడిరి. ఆభరణపు పగడము ఆ వంశములోనిది. దాని చుట్టములు మెత్తని పగడములు, విసనకఱ్ఱవలె పఱచుకొను సముద్రపు విసనకఱ్ఱలు, బురదలో నిలిచియుండు సముద్రపు కలములు. ఈ వంశమున ఇంతవరకు మూడువేలకు పైగా జాతులు వర్ణింపబడినవి. వానిలో అధికభాగము సముద్రపు పైపొరలలో కాక, చీకటి అడుగులలో నివసించును.

ఆ చీకటిలో ప్రాణమే యుండదని కొంతకాలము నమ్మిరి. ఎడ్వర్డ్ ఫోర్బ్స్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు 1843లో, మూడువందల బారల లోతునకు, అనగా సుమారు 550 మీటర్లకు దిగువ జీవులు ఉండవని ఊహించెను. 1872 మొదలు 1876 వఱకు లోకమంతటి సముద్రములను చుట్టివచ్చిన చాలెంజర్ నౌక ఆ ఊహను పూర్తిగా తుడిచివేసెను. హిందూదేశపు సర్వే నౌకయగు ఇన్వెస్టిగేటర్ హిందూమహాసముద్రపు లోతులనుండి తెచ్చిన ఎనిమిది చేతుల పగడములను థామ్సన్, హెండర్సన్ అను నిద్దఱు పండితులు పరిశీలించిరి. వారి గ్రంథమును 1906లో కలకత్తాలోని ఇండియన్ మ్యూజియమువారు ప్రకటించిరి. తెలుగుతీరమును తాకు బంగాళాఖాతము అడుగునను ఈ వంశపువారు కలరని చదువుకొన్నవారికి అప్పటినుండి తెలియును.

రెండువందల మీటర్లు దిగిన తరువాత సూర్యకాంతి మొక్కలకు చాలదు. వెయ్యి మీటర్ల దిగువన పగలును లేదు. తీరపు రాతిపగడములు తమ శరీరములలో ఏకకణ శైవలములను పెంచుకొని, అవి ఎండలో వండిన ఆహారమును తినును. లోతుసముద్రపు మెత్తని పగడమునకు ఆ వంటవారు లేరు. అది రాతిని పట్టుకొని, చేతులు చాచి, ప్రవాహము తెచ్చినదానికై వేచియుండవలెను. పైజలములలో చచ్చిన సూక్ష్మజీవుల తునకలు, మలినములు రాత్రింబవళ్ళు సన్నని మంచువలె క్రిందికి రాలుచుండును. దానినే సముద్రపు మంచు అందురు. ఆ మంచును, నీటిలో కొట్టుకొనివచ్చు చిన్న ప్రాణులును దాని జీవనాధారము. కనుకనే ఈ పగడములు నీరు బాగుగా పాఱు గట్టులపై, సముద్రపు కొండలపై, లోయల గోడలపై ఎక్కువగా కనబడును. విసనకఱ్ఱ రూపము గలవి ప్రవాహమునకు అడ్డముగా పఱచుకొనును. జాలరి ఏటికి అడ్డముగా వల కట్టుటయు ఇట్టిదే.

మెత్తని పగడమునకు ఎముకవంటి నడిమికఱ్ఱ లేదు. మఱి అది ఎట్లు నిలుచును? కాలువలలో నీరు నింపుకొని ఉబ్బి నిలుచును. నీరు వదలినచో ముడుచుకొని చిన్న ముద్దయగును. దాని మాంసమునందు కంటికి కనబడని సున్నపు ముక్కలు, కంటకములు, వేలకొలదిగా పొదిగియుండును. కొన్ని కదురులవలె, కొన్ని ముళ్ళగదలవలె, కొన్ని నక్షత్రములవలె నుండును. జాతిని గుర్తుపట్టుటకు శాస్త్రజ్ఞులు చేయు పని చూచుటకు చాల సామాన్యమైనది. పగడపు చిన్న తునకను బట్టలు తెల్లబఱచు ద్రవములో వేయుదురు; మాంసము కరగిపోవును; అడుగున మిగిలిన కంటకములను సూక్ష్మదర్శినితో చూతురు. సముద్రమున మూఱెడు పొడవున ఎఱ్ఱగా వెలిగిన ప్రాణి పేరు, గాజుపలకపై మిగిలిన చిటికెడు పొడిలో దొరకును.

ఈ మెత్తనివారిలో పుట్టగొడుగు పగడము వింతయైనది. వందలాది మీటర్ల లోతున, కొన్ని ఇంకను దిగువన, రాతిపై పొట్టికాడతో నిలిచి, పైన ఎఱ్ఱని గొడుగు విప్పుకొని యుండును. గొడుగుపై పెద్ద పెద్ద పాలిపులు కొన్ని మాత్రమే యుండును. వాని నడుమ చుక్కలవంటి చిన్న పాలిపులు లెక్కకు మిక్కిలిగా నుండును. పెద్దవి ఆహారమును పట్టును. చిన్నవానికి చేతులు క్షీణించినవి. అవి నీటిని లోనికి తోడి కాలువలలో నడపుచుండును. వేటగాండ్రును, నీరు తోడువారును ఒకే శరీరమున పుట్టుట ఇచ్చట చూడవచ్చును.

సముద్రపు కలముల పద్ధతి వేఱు. వానికి రాయి అక్కఱలేదు. మొదటి పాలిప్ పొడవుగా సాగి తానే కాడయై, క్రింది కొనను ఉబ్బించి బురదలో నాటుకొనును; దాని ప్రక్కలనుండి తక్కిన పాలిపులు మొలచును. అందుచే అవి ఆఱువేల మీటర్లకు మించిన లోతుల బురదనేలలపై సయితము బ్రతుకగలవు. వీనిలో కొన్ని తాకినంతనే వెలుగును. 2012లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, కెనడా తూర్పుసముద్రపు కలముల రెమ్మల నడుమ ఎఱ్ఱచేపల పసిపిల్లలు దాగియుండుట కనుగొనిరి. ఆ చేపలనే పెద్దవైన తరువాత మనుష్యులు పట్టి అమ్ముదురు.

ఇన్ని రూపముల వారిని వరుసలో పెట్టుట చిరకాలముగా తగవులమారి పని. మొదట గట్టిదనమును బట్టి వేఱుచేసిరి. నడిమికఱ్ఱ లేనివి మెత్తని పగడములు, ఉన్నవి విసనకఱ్ఱలు, బురదలో నాటుకొన్నవి కలములు, రాతివలె ఘనమైన నీలిపగడము వేఱొక క్రమము. చూచుటకు ఇది బాగుగనే యుండెను. కాని ఎటు చేర్చుటకును వీలులేని ప్రాణులు నడుమ నిలిచిపోయెను. ఉత్తరాట్లాంటిక్ లోతులలో మనిషికంటె ఎత్తుగా పెరుగు పారగోర్జియా యను పెద్దచెట్టు అట్టిదే. దాని కొమ్మ లోపల కంటకములు దట్టముగా క్రిక్కిఱిసియుండును గాని, ఒకటితో నొకటి అతుకుకొనవు. దానిని గట్టిదనవలెనా, మెత్తనిదనవలెనా?

జీవకణములలోని జన్యుద్రవ్యమును చదువు విద్య వచ్చిన తరువాత రూపమును గాక చుట్టఱికమునే నేరుగా వెదకుటకు వీలు కలిగెను. కాథరీన్ మెక్‌ఫాడెన్, లీన్ వాన్ ఆఫ్‌వెగెన్, ఆండ్రియా క్వాట్రీని అను మువ్వురు శాస్త్రజ్ఞులు 2022లో ఈ వంశమునంతయు మరల విభజించిరి. పాత హద్దులు నిలువలేదు. ఎనిమిది చేతుల పగడములన్నియు రెండు క్రమములుగా ఏర్పడెను: మలాకల్సియొనేసియా, స్క్లెరల్సియొనేసియా. మెత్తనివి ఒకేచోట లేవు. నడిమికఱ్ఱ గలవియు ఒకేచోట లేవు. మెత్తదనము వేఱువేఱు శాఖలలో వేఱువేఱుగా కనబడినది. కావున మెత్తని పగడమనునది నేడు ఒక వంశము పేరు కాదు. ఒక బ్రతుకుతీరునకు పేరు. క్రమముల పేర్లలో మొదటిది మెత్తదనమును, రెండవది గట్టిదనమును సూచించును. అయినను మెత్తని పుట్టగొడుగు పగడము రెండవదానిలో చేరినది. పేర్లు పెట్టుటలో శాస్త్రమునకును ఇట్టి ఇబ్బందులు తప్పవు.

అంతకంటె విశేషమొకటి కలదు. ఆ పుట్టగొడుగు పగడము, పారగోర్జియా, ఆభరణములలోని ఎఱ్ఱపగడము, ఈ మూడును ఇప్పుడు ఒకే కుటుంబమున నున్నవి. పుట్టగొడుగులో కంటకములు విడివిడిగా చెదరియున్నవి. పారగోర్జియాలో దగ్గఱగా చేరినవి. ఎఱ్ఱపగడమున సున్నము పేరుకొని ఏకశిలయై, సాన పట్టగా మెఱయునట్టి రత్నమైనది. మూడింటియందును పెద్ద పాలిపులు, చిన్న పాలిపులు అను రెండు తెగలు కలవు. ఈ గుర్తు చిరకాలముగా కంటి యెదుటనే యుండెను. మంగళసూత్రములోని పూసకు దగ్గఱి చుట్టము, ముట్టినచో ముడుచుకొను ఒక మెత్తని ముద్ద!

ఈ వంశమునకు గల బలహీనత దాని వయస్సు. ఎఱ్ఱపగడపు కొమ్మ ఏడాదికి మిల్లీమీటరులో నాలుగవవంతో, మూడవవంతో మాత్రమే లావెక్కును. చిటికెనవ్రేలి మందమగుటకు ముప్పది నలువది యేండ్లు పట్టును. మధ్యధరాసముద్రమున దానిని తీయుటకు కొయ్యశిలువకు వలలు కట్టి అడుగున ఈడ్చువారు. అది కోసినదానికంటె విఱిచి పాఱవేసినదే అధికము. ఐరోపా సమాజము 1994లో ఆ పనిముట్టును నిషేధించెను. చల్లని లోతులలో పెరుగు ప్రిమ్నోవా యను చుట్టమునకు చెట్టుకున్నట్లు కాండమున వలయములు కలవు. వానిని లెక్కించి, కొన్ని మూడువందల యేండ్లకు మించి బ్రతికినవని తేల్చిరి. పేసొనెల్ తన గాజుపాత్రలోనికి వంగి చూచుచున్న నాటికే అట్టివి చీకటిలో మొలచియుండెను. చేపలకై అడుగునంట ఈడ్చు ట్రాలు వల ఒక్క గడియలో వానిని పెకలించును. ఆ చోట మరల డింభకము వ్రాలి, రాతిని పట్టి, ఒక్క పాలిపై, రెండై, కొమ్మయగుటకు ఎన్ని తరములు పట్టునో లెక్కవేయవచ్చును.

కెనడాలోని నోవాస్కోషియా తీరపు జాలరులకు ఈ చెట్లు తరతరములుగా తెలియును. వారి గాలములకు, వలలకు చిక్కి పైకి వచ్చుచుండెను. ఏ గట్టున ఎక్కువగా నుండెను, ఎచ్చట తగ్గిపోయెను అను సంగతులు వారి జ్ఞాపకమున నుండెను, శాస్త్రగ్రంథములలో లేవు. ఈసారి వారిని అడుగుటకు పండితులు వెనుదీయలేదు. జాలరుల మాటలను సేకరించి, సముద్రపటములపై గుర్తించి, 1997లో ఒక నివేదిక వ్రాసిరి. పిదప నౌకలు ఆ చోట్లకే పోయి, అడుగునకు కెమెరాలు దింపి చూడగా పారగోర్జియా, ప్రిమ్నోవా తోపులు కనబడెను. విఱిగి పడియున్న కొమ్మలును కనబడెను. 2002లో కెనడా ప్రభుత్వము జార్జెస్ బ్యాంక్, బ్రౌన్స్ బ్యాంక్ అను గట్టుల నడుమనున్న కాలువలో నాలుగువందల చదరపు కిలోమీటర్లకు పైబడిన మేరను పగడములకై ప్రత్యేకించి, అందు చాలభాగమున అడుగును తాకు వేటను ఆపివేసెను. 2006లో ఐక్యరాజ్యసమితి మహాసభ, ఏ దేశమునకును చెందని సముద్రములలోను ఇట్టి చోట్లను కాపాడవలెనని సభ్యదేశములను కోరెను.